గేటు ముందు ర్యాంపు అనుమతి: తనిఖీని ఫైలు దగ్గర నుంచి కాంక్రీటు దగ్గరకు మార్చిన అనుభవం

ఇంటి గేటుకీ తారు రోడ్డుకీ మధ్య ఉండే ఆ కాస్త జాగా ఇంటాయనది కాదు. అందులోంచి వాన కాలువ పోతుంది. ఫుట్‌పాత్ ఉంటుంది, దాని కింద మంచినీటి పైపు, కేబుళ్లు ఉంటాయి. ఒక్కోచోట చెట్టో కరెంటు స్తంభమో కూడా ఉంటుంది. కారు లోపలికి రావాలంటే వీటన్నిటి మీదుగా రావాలి. కాబట్టి అక్కడ ర్యాంపు వేసుకునే ముందు అనుమతి తీసుకోమనడం సబబే. తేడా అంతా ఆ అనుమతి ఇచ్చే తీరులో ఉంది.

పట్టణ రోడ్ల డిజైన్, వాటికి సంబంధించిన అనుమతుల ప్రక్రియలు నా పని. ఒక మధ్యతరహా పురపాలక సంఘం తన డ్రైవ్‌వే అనుమతులను తేలిక చేయమని మా బృందాన్ని పిలిచింది. వాళ్ల మనసులో ఉన్నది ఆన్‌లైన్ పోర్టల్. మేం చేసిన అసలు పని వేరు. ఇంజనీరు తనిఖీని దరఖాస్తు దశ నుంచి తీసేసి కాంక్రీటు పోసే ముందుకు జరిపాం. మిగతా మార్పులన్నీ ఆ ఒక్కదాని చుట్టూ అల్లుకున్నవే. పోర్టల్ కూడా వచ్చింది గానీ, అన్నిటికన్నా ఆఖర్న.

ఫైలు నడిచిన దారి

పాత పద్ధతిలో దరఖాస్తు ఇన్‌వార్డులో పడి, నంబరు వేయించుకుని, రోడ్ల విభాగానికి వెళ్లేది. ఇంజనీరు వీలు చూసుకుని స్థలానికి వెళ్లి వచ్చాక ఫైలు డ్రైనేజీ విభాగానికి కదిలేది. అక్కణ్ణుంచి ట్రాఫిక్‌కి, చెట్టు ఉంటే ఉద్యానవన విభాగానికి, మళ్లీ రోడ్లకి, ఎస్టిమేట్‌కి, డబ్బు కట్టమనే నోటీసుకి, ఆ తర్వాత ఉత్తర్వుకి. ఒకరి తర్వాతే ఒకరు. ఒక విభాగంలో ఫైలు ఉన్నంతసేపూ మిగతా విభాగాలకు అలాంటి ఇల్లు ఒకటి ఉందనే తెలియదు.

పాత ఫైళ్లు తెప్పించుకుని, వాటిలో అధికారులు రాసే నోట్ షీట్లు చదివాం. ఏ ప్రక్రియ సంస్కరణకైనా ఇంతకన్నా మంచి మొదలు నాకు తెలీదు. ఇంటర్వ్యూల్లో జనం పద్ధతి ఎలా ఉండాలో చెబుతారు, నోట్ షీట్ ఎలా ఉందో చెబుతుంది. ఒక ఫైల్లో ఒకే పేజీ మీద మూడు చేతిరాతల్లో ఒకే వాక్యం కనిపించింది: "సంబంధిత విభాగం అభిప్రాయం తీసుకుని సమర్పించవలెను." మొదటి విభాగం రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది తిరిగి మొదటిదాన్ని అడిగాయి. ఇల్లు లోపలి వీధిలోది, ముందు కాలువ కూడా లేదు. ఎవరూ కాదనలేదు, అలాగని ఎవరూ సరేననీ అనలేదు.

ఫైళ్లలో ఇంకో సంగతి బయటపడింది. ఆగిపోయిన వాటిలో "ఇక్కడ ర్యాంపు వేయడం కుదరదు" అన్న కారణంతో ఆగినవి అరుదు. స్కెచ్‌లో కొలత లేదనీ, పన్ను రసీదు జత చేయలేదనీ, ఎన్‌ఓసీ పాతదనీ ఆగినవే ఎక్కువ. ఆ పన్ను రసీదు ఇచ్చేది కూడా అదే పురపాలక సంఘం. కింది అంతస్తులో తాను ఇచ్చిన కాగితాన్ని పై అంతస్తులో ఇంటాయన చేత మళ్లీ తెప్పించుకుంటోంది.

ఇలాంటి చోట ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఓపిక ఉన్నవాళ్లు తిరుగుతారు, లేనివాళ్లు ఓ ఆదివారం మేస్త్రీని పిలిచి ర్యాంపు వేసేసుకుంటారు. అడగకుండా వేసిన ర్యాంపు చాలాసార్లు తారు మీదకు పొడుచుకొస్తుంది, కాలువను పూడుస్తుంది. అధికారులు "నిబంధనలు సడలిస్తే అరాచకం" అనేవారు. వీధిలోకి వెళ్లి చూస్తే అరాచకం అప్పటికే కాంక్రీటుతో సహా ఉంది. నిబంధనలు కఠినంగా ఉన్నది అడిగినవాడికే.

అసలు ఈ అనుమతి దేన్ని కాపాడాలి

పత్రాల జాబితాను పక్కన పెట్టి ప్రతి విభాగాన్నీ ఒక్కటే అడిగాం: ర్యాంపు తప్పుగా వేస్తే మీకు జరిగే నష్టం ఏమిటి? జవాబులు నాలుగైదుకు మించలేదు. ఆ నష్టాలకు కొలతల్లో హద్దు గీయగలిగితే అభిప్రాయం అడగాల్సిన పనిలేదు, కొలిస్తే చాలు.

కాలువ సంగతి అన్నిటికన్నా సులువుగా తేలింది, అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే. ర్యాంపు కింద చిన్న పైపు వేసి "నీళ్లు పోతున్నాయిగా" అనడం అంతటా ఉన్న అలవాటు. 150 మి.మీ. పైపు 300 మి.మీ. పైపులో సగం నీరు మోస్తుందని చాలామంది అనుకుంటారు. అదే వాలులో, నిండుగా పారినప్పుడు, అది మోసేది ఆరో వంతు కూడా ఉండదు. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతవుతుంది, పైగా గోడల రాపిడి వేగాన్నీ తగ్గిస్తుంది. వీధి పొడుగునా పది ఇళ్లు మంచి పైపులు వేసి పదకొండో ఇల్లు చిన్నది వేస్తే ఎగువ వీధంతటికీ ఆ పదకొండో పైపే కొలత. అందుకని కనీస వ్యాసం 300 మి.మీ. అన్నాం. తెరిచి శుభ్రం చేసే కాలువలున్న వీధుల్లో అసలు పైపే వద్దని, కొక్కేలతో ఎత్తగలిగే పలకలు వేయమన్నాం. పారిశుద్ధ్య సిబ్బంది అడిగింది ఇదొక్కటే. అంతకుముందు వాళ్ల అభిప్రాయం ఏ ఫైలూ అడగలేదు.

ఫుట్‌పాత్ దగ్గర గొడవ ఎక్కువైంది. ర్యాంపు అంటే జనం మనసులో గేటు నుంచి రోడ్డు దాకా ఒకే ఏటవాలు. అలా వేస్తే ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లు ప్రతి ఇంటి ముందూ ఒక పక్కకు ఒరుగుతూ పోవాలి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకైతే ముందు చక్రాలు రోడ్డు వైపు లాగేస్తాయి. అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం (ఏడీఏ) కింద వచ్చిన 2010 నాటి ప్రమాణాలు నడిచే దారికి అడ్డువాలు, అంటే పక్కకు ఒరిగే వాలు, 48కి 1 మించకూడదంటాయి, అంటే దాదాపు 2 శాతం. మేం అదే తీసుకున్నాం. ఎత్తు దిగడమంతా ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య ఉండే పట్టీలోనే జరగాలి, ఫుట్‌పాత్ తన మట్టంలో తాను సాగిపోవాలి. ఆ పట్టీ లేనంత ఇరుకు వీధిలో ఫుట్‌పాత్ మొత్తాన్నీ గేటు వెడల్పు మేర దించి, రెండు వైపులా 12కి 1 వాలుతో కలపాలి. రోడ్డు అంచున 25 మి.మీ. మెట్టు వదలాలి, లేకపోతే రోడ్డు మీది వాన నీరు నేరుగా గేటులోకి మళ్లుతుంది. ఈ చివరి మాట చెప్పాక ఇళ్లవాళ్లు మెట్టు గురించి వాదించడం మానేశారు.

చూపు దూరం మీద ట్రాఫిక్ విభాగంతో నిజమైన చర్చ జరిగింది. వాళ్లు అన్ని రోడ్లకూ ఒకటే దూరం కావాలన్నారు, అదీ పెద్ద రోడ్ల దూరం. గేటులోంచి బయటికొచ్చే కారును చూసి రోడ్డు మీది కారు ఆగగలగాలి, అసలు ప్రశ్న ఇంతే. అమెరికా రోడ్డు ఇంజనీర్లు వాడే ఆష్టో పద్ధతిలో డ్రైవరు చూసి, తేరుకుని, బ్రేకు వేయడానికి 2.5 సెకన్లు లెక్కిస్తారు. గంటకు 50 కి.మీ. వేగంలో ఆ 2.5 సెకన్లలోనే కారు దాదాపు 35 మీటర్లు పోతుంది, ఆగేసరికి 65 మీటర్లు అవుతుంది. 30 కి.మీ. వేగంలో మొత్తం 35 మీటర్లు చాలు. బ్రిటన్‌లో 2007లో వచ్చిన మాన్యువల్ ఫర్ స్ట్రీట్స్ నివాస వీధుల కోసం 1.5 సెకన్లే లెక్కించి, గంటకు 30 మైళ్ల వేగానికి 43 మీటర్లు అంటుంది. రెండింటినీ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాం. ఎక్కువ జాగ్రత్త ఉన్న ఆష్టో లెక్కనే తీసుకుందాం, కానీ దూరాన్ని వీధి వేగ పరిమితికి ముడిపెడదాం అన్నాం. ఒప్పుకున్నారు. దాంతో లోపలి వీధుల ఇళ్లు చాలావరకు ట్రాఫిక్ అభిప్రాయం అవసరం లేకుండానే గట్టెక్కాయి.

నడిచేవాళ్లను చూడటానికి మాత్రం గేటుకు రెండు పక్కలా 2 మీటర్ల త్రికోణంలో గోడ ఎత్తు తగ్గించాలి. ప్రహరీ ఎత్తు మీద మక్కువ ఉన్నచోట ఇది చేదు మాత్రే. చూపును ఆపని గ్రిల్ అయితే ఎత్తున్నా ఒప్పుకున్నాం. గేటు రోడ్డు వైపు తెరుచుకోకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోటి, లోపల కారు పట్టేంత లోతు ఉండాలి. బ్రిటన్‌లో పార్కింగ్ గడికి మామూలు కొలత 4.8 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు. ఆ లోతు లేని ఇంటికి ర్యాంపు ఇస్తే కారు తోక ఫుట్‌పాత్ మీదే ఉంటుంది.

మూడు దారులు

కొలతలు తేలాక వర్గీకరణ దానంతటదే వచ్చింది. లోపలి వీధి, ఒక ఇల్లు, ఒకే గేటు, ప్రామాణిక వెడల్పు, మూలమలుపుకు దూరం, దారిలో చెట్టూ స్తంభమూ లేవు: ఇలాంటివి మొదటి రకం. వీటికి మేం గీసిన నమూనా డ్రాయింగుల్లో తన వీధికి సరిపోయేది ఎంచుకుని, తన కొలతలు నింపి, సంతకం పెట్టి ఇస్తే చాలు, ఏ విభాగం అభిప్రాయమూ లేకుండా గడువులోపు అనుమతి వచ్చేస్తుంది. స్కెచ్ గీయించుకునే పనే లేదు. నిర్ణీత రుసుము వెడల్పునీ కాలువ రకాన్నీ బట్టి ముందే పట్టికలో ఉంటుంది. ఒక్కో ఇంటికీ ఎస్టిమేట్ వేయడం ఆపేశాం.

రెండో రకంలో ఏదో ఒక్క చిక్కు ఉంటుంది: చెట్టు, స్తంభం, లోతైన కాలువ, రెండో గేటు. ఫైలు ఆ చిక్కుకు సంబంధించిన విభాగానికి మాత్రమే వెళ్తుంది. మూలమలుపు ఇళ్లు, వేగం ఎక్కువున్న రోడ్ల మీది ఇళ్లు మూడో రకం. వీటికి పాత పద్ధతే, కాకపోతే విభాగాలన్నిటికీ ఒకేసారి వెళ్తుంది.

ఇక్కడ ఒక అడ్డంకి మా చేతుల్లో లేదు. పట్టణం గుండా పోయే కొన్ని పెద్ద రోడ్లు పురపాలక సంఘానివి కావు, పై స్థాయి రోడ్ల శాఖవి. అలాంటి చోట అనుమతి ఆ శాఖే ఇవ్వాలి. చాలా దేశాల్లో ఇదే తీరు. అమెరికాలో రాష్ట్ర రహదారి మీదకు దారి కావాలంటే రాష్ట్ర రవాణా శాఖనే అడగాలి. జనానికి ఈ తేడా తెలియక ముందు పురపాలక కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, ఆ తర్వాత "ఇది మా రోడ్డు కాదు" అనిపించుకునేవారు. వీధుల జాబితా తయారుచేసి, ఏది ఎవరిదో దరఖాస్తు మొదటి ప్రశ్నలోనే తేలేలా పెట్టాం. ఆ జాబితా తయారీకి పట్టినంత సమయం మరే పనికీ పట్టలేదు. కొన్ని వీధులు తమవో కాదో రెండు కార్యాలయాలకూ తెలియదు.

కాంక్రీటుకు ముందు

ఇక అసలు మార్పు. పాత పద్ధతిలో ఇంజనీరు వెళ్లి చూసేది ఖాళీ నేల. అక్కడ వాలు లేదు, పైపు లేదు, మట్టం లేదు. వెళ్లొచ్చి "స్థలాన్ని పరిశీలించితిని" అని రాసేవాడు. అనుమతి వచ్చాక ఏం కట్టారో చూసేవాళ్లు లేరు. ఎవరైనా చూసినా అప్పటికి కాంక్రీటు గట్టిపడి ఉంటుంది. పగలగొట్టమనడం కాగితం మీద తేలిక, వీధిలో కష్టం.

ర్యాంపులో తప్పు చూడటానికీ దాన్ని సులువుగా సరిదిద్దడానికీ వీలున్న ఘడియ ఒక్కటే. కాంక్రీటుకు అచ్చు పలకలు బిగించి, పైపు పెట్టి, కాంక్రీటు ఇంకా పోయకముందు. అప్పుడు ఇంజనీరు చేయాల్సిన పని కొద్దిసేపట్లో అయిపోతుంది. మొదటి తనిఖీల్లో ఒకదానికి నేనూ వెళ్లాను. ఇంజనీరు మీటరు పొడవున్న మట్టపు బద్దను ఫుట్‌పాత్ పలక మీద అడ్డంగా ఆనించి, రోడ్డు వైపు కొస కింద 20 మి.మీ. మందం చెక్క ముక్క పెట్టాడు. బుడగ మధ్యలోకి వస్తే వాలు సరిగ్గా 2 శాతం. అక్కడ బుడగ ఇంటి వైపు జరిగింది. మేస్త్రీ వంగి చూసి, "కొంచెమే కదా సార్, పోసేటప్పుడు సర్దేస్తా" అన్నాడు. ఇంజనీరు ఇంకో చెక్క ముక్క పెట్టాడు, ఆ తర్వాత మరోటి. అప్పటికి గానీ బుడగ మధ్యకు రాలేదు. మూడు ముక్కలంటే 6 శాతం. మేస్త్రీ మారుమాట్లాడకుండా సుత్తి తీసుకుని పలక మేకులు ఊడదీశాడు. రెడీమిక్స్ లారీ వచ్చేలోపు పలక సరైన మట్టంలో ఉంది. ఇదే తప్పు మర్నాడు కనిపించి ఉంటే ఒక నోటీసు, ఒక సంజాయిషీ, ఒక సిఫారసు ఫోను, చివరికి అలాగే ఉండిపోయిన ర్యాంపు.

ఆ చెక్క ముక్కలను ఇంజనీర్లందరికీ తయారు చేయించి ఇచ్చారు. మొత్తం సంస్కరణలో అంత చవకైన పరికరం ఇంకోటి లేదు.

తనిఖీకి ఇంజనీరు రాకపోతే? ఇది ఇళ్లవాళ్ల భయం, న్యాయమైనదే. రెడీమిక్స్ బుక్ చేసుకున్నాక ఎవరికోసమూ ఆగలేరు. అందుకే ముందు రోజు సమయం ఖాయం చేసుకునే ఏర్పాటు పెట్టాం. ఆ సమయానికి ఇంజనీరు రాకపోతే కాంట్రాక్టరు కొలతలు కనిపించేలా ఫొటోలు తీసి పోసేసుకోవచ్చు. ఈ ఫొటోల దారిలో తొందరలోనే తెలివితేటలు మొదలయ్యాయి. ఒకే ఫొటో రెండు ఇళ్ల పేరిట వచ్చింది. అప్పటి నుంచి ఇంటి నంబరు రాసిన పలక, టేపు, బద్ద మూడూ ఒకే ఫొటోలో ఉండాలన్న షరతు వచ్చింది.

పని చేసేవాళ్ల విషయంలో బ్రిటన్ పద్ధతి కొంత చూశాం. అక్కడ 1980 నాటి హైవేస్ యాక్ట్‌లోని 184వ సెక్షన్ కింద ఇంటివాళ్లు కోరితే, వాళ్ల ఖర్చుతో, రోడ్డు సంస్థే ఆ దారి వేయించవచ్చు. చాలా కౌన్సిళ్లు తాము ఆమోదించిన కాంట్రాక్టర్లనే పనికి అనుమతిస్తాయి. మా పురపాలక సంఘానికి తానే వేయించేంత సిబ్బంది లేదు. నమోదైన కాంట్రాక్టర్ల పద్ధతి తీసుకున్నాం. పనికి హామీగా కట్టే డిపాజిట్ ఇంటివాళ్లది కాక కాంట్రాక్టరుది. ఒక ఇంట్లో తప్పు చేస్తే పోయేది వచ్చే పదిళ్ల పని, అందుకే మట్టపు బద్ద వాళ్లే ముందు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

గడువు, మౌనాంగీకారం

గడువులోపు జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే అన్న నిబంధన కొత్తదేం కాదు. యూరోపియన్ యూనియన్ 2006 సేవల ఆదేశంలో సేవా వ్యాపారాల అనుమతులకు అలాంటిది ఉంది. మేం మొదటి రకానికే దాన్ని పెట్టాం. మూలమలుపు ఇంటికి మౌనంగా అనుమతి వచ్చేసి అక్కడ ప్రమాదం జరిగితే, తప్పు గడువు దాటించిన గుమాస్తా మీదో ఇంటాయన మీదో పడుతుంది.

గడువు పెట్టినంత మాత్రాన ఫైలు కదలదని అనుభవం ఉన్నవాళ్లందరికీ తెలుసు. గడువు ముగిసే ముందు రోజు ఒక "క్వెరీ" వేస్తే గడియారం మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి అడగాల్సినవన్నీ ఒకే ఉత్తరంలో, ఒకే సారి అడగాలన్నాం. ఆ ఉత్తరంలో లేని లోపాన్ని ఎత్తిచూపి తర్వాత ఆపడానికి వీల్లేదు. ఆఫీసులో మా మీద కోపం వచ్చిన మార్పు ఇదొక్కటే. తనిఖీ మారినప్పుడు ఇంజనీర్లు సంతోషించారు, క్వెరీ పోయినప్పుడు పై అంతస్తు ముఖం మాడ్చుకుంది. ఎక్కడ ఏ అధికారం దాగి ఉంటుందో అలా బయటపడుతుంది.

తేలికైతే వచ్చే చిక్కు

ఈ పనికి ఇంకో వైపు ఉంది, దాన్ని దాచి సంస్కరణ గొప్పతనం చెప్పడం నాకిష్టం లేదు. ప్రతి ర్యాంపూ రోడ్డు అంచున ఒక కారు నిలిపే చోటును అందరి దగ్గర నుంచి తీసుకుని ఒక ఇంటికి ఇస్తుంది. వీధి ముఖం 6 మీటర్లున్న ఇళ్లు వరసగా ఉన్నచోట అందరికీ ర్యాంపులిస్తే రోడ్డు అంచంటూ మిగలదు. వచ్చినవాళ్లు బండి ఆపుకోవడానికి, చెట్టు పెట్టడానికి చోటుండదు. పాత పద్ధతి ఆలస్యం ఈ సమస్యను తెలియకుండానే కాస్త అదుపులో ఉంచింది. అది మంచి అదుపు కాదు, ఎవరికి ఓపికుందో చూసి ఇచ్చే అదుపు. ఇరుకు ముఖాల వీధుల్లో పక్కపక్క ఇళ్లు రెండూ కలిసి ఒక ర్యాంపు వేసుకుంటే రుసుము తగ్గించాలని ప్రతిపాదించాం. కాగితం మీద బాగానే ఉంది. పొరుగువాళ్ల మధ్య హద్దు గోడ తగాదాలున్నచోట దానికి గిరాకీ లేదు.

పాత అక్రమ ర్యాంపుల క్రమబద్ధీకరణను మాత్రం ఇందులో కలపనివ్వలేదు. కౌన్సిల్లో కొందరు గట్టిగా అడిగారు. కొత్త దారి తెరిచిన రోజే పాత తప్పులకు మాఫీ ఇస్తే, అడిగి వేసుకున్నవాడు వెర్రివాడవుతాడు. ఏ వీధి రోడ్డు మళ్లీ వేసినప్పుడు ఆ వీధిలోని ర్యాంపులన్నిటినీ కొత్త కొలతలకు మార్చాలన్నది ప్రస్తుత నిర్ణయం. కాలువ మూసినవాటికి మాత్రం అంతవరకు ఆగక్కర్లేదు.

భూగర్భ కేబుళ్ల వివరాలు ఇప్పటికీ వేర్వేరు సంస్థల దగ్గరే ఉన్నాయి. కాంట్రాక్టరు తవ్వే ముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేయాల్సిందే. రెండో రకం ఫైళ్లలో చెట్టున్నవే ఎక్కువ కాలం తీసుకుంటున్నాయి. వేర్లకు ఎంత దూరంలో తవ్వవచ్చో ఉద్యానవన విభాగం కొలత ఇవ్వగలిగితే వాటిలో కొన్నింటిని మొదటి రకంలోకి జరపవచ్చు. ఆ ముసాయిదా వాళ్ల దగ్గర ఉంది. వీధుల జాబితాలో ఎవరివో తేలని వీధులకు రెండు కార్యాలయాల ఇంజనీర్లు కలిసి నడిచి చూసే పని ఇంకా నడుస్తోంది. అవి తేలేదాకా ఆ వీధుల దరఖాస్తులను పురపాలక సంఘమే తీసుకుని, ఇంటివాళ్ల తరఫున తానే రోడ్ల శాఖకు పంపుతోంది.